వస్తానని వెళ్లిపోయేవారి భాష: ఆటిజం, మాటతీరు, మాండలికం
(రేగొండలో చేసిన కాళోజీ స్మారకోపన్యాసం)

ఉపన్యాసం నడుమ ఏ పిల్లవాడైనా లేచి తిరిగినా, గట్టిగా పలికినా, చెవులు మూసుకొని బయటికి వెళ్లినా సభకు భంగం కలిగినట్లు ఎవరూ భావించవద్దని మొదటే మనవి. ఈ సభ ఆ పిల్లలది కూడా.

1914 సెప్టెంబరు 9న నేటి కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టి, ఓరుగల్లు దాపున మడికొండలో పెరిగి, 2002 నవంబరు 13న కన్నుమూసిన కాళోజీ నారాయణరావు ఇంట్లో తండ్రివైపు మరాఠీ, తల్లివైపు కన్నడం వినిపించేవి. బయట తెలుగు, చదువులో ఉర్దూ. ఇన్ని భాషల నడుమ పెరిగిన మనిషి బడిలో నేర్పే భాష వేరు, జనం నోట ఆడే భాష వేరని, రెండోదాన్ని తప్పుల కింద లెక్కగట్టే హక్కు మొదటిదానికి లేదని జీవితాంతం వాదించాడు. ఆయన పుట్టినరోజును తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకోవడం అందరికీ తెలిసిందే. ఆయన భౌతికకాయం మరణానంతరం కాకతీయ వైద్య కళాశాలకు చేరడం, ఆ తర్వాత వరంగల్లులోని ఆరోగ్య శాస్త్రాల విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టడం అంతగా గుర్తుకు రాని సంగతులు. ఒక బిడ్డకు ఆటిజం ఉన్నదని రేపు నిర్ధారించబోయే యువ వైద్యుల పట్టా మీద, యాస కోసం కొట్లాడిన కవి పేరు ఉంటుంది. ఈ ఉపన్యాసం ఆటిజాన్నీ యాసనూ ఒకచోట నిలిపి చూస్తుంది. మాండలికం గురించి కాళోజీ చేసిన వాదం ఆటిజం గలవారి మాటకు కూడా వర్తిస్తుందన్నది ఇందులో ప్రతిపాదించే విషయం.

1. పేరు, పేరుతో వచ్చే చిక్కు

ఆటిజం అనేది పుట్టుకతోనే మెదడు వికసించే తీరులో ఉండే ఒక భేదం. ఇతరులతో సంభాషించే పద్ధతి, శబ్దం, వెలుగు, స్పర్శ వంటివాటిని గ్రహించే తీరు, ఇష్టమైన విషయాల మీద నిలిచే ఏకాగ్రత, అలవాటైన క్రమం మారితే కలిగే కలవరం, ఇవన్నీ ఆ భేదంలో భాగాలు. మాస్కోలో గ్రున్యా సుఖరేవా 1925 నాటికే ఇటువంటి పిల్లలను వర్ణించింది. అమెరికాలో లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లల గురించి, వియన్నాలో హాన్స్ ఆస్పర్గర్ 1944లో మరికొందరి గురించి రాశారు. నాడీ వికాసం అత్యధికుల మాదిరిగా సాగినవారిని న్యూరోటిపికల్ అంటారు. ఆ మాటను వ్యాప్తిలోకి తెచ్చినవారు వైద్యులు కారు, ఆటిజం గలవారే. తమకు పేరు పెట్టినవారికి కూడా ఒక పేరు ఉండాలని, అప్పుడే ఇద్దరూ సమానంగా పరిశీలనకు వస్తారని వారు భావించారు.

తెలుగులో ‘స్వలీనత’ అనే మాటను కల్పించారు. తనలో తాను లీనమైన స్థితి అని దాని అర్థం. పదం ముచ్చటగానే ఉన్నా, ఆ పిల్లలకు బయటి ప్రపంచం పట్టదన్న తప్పు భావాన్ని కలిగిస్తుంది గనుక ఈ ఉపన్యాసంలో ఆటిజం అన్న మాటే వాడడం జరిగింది. బయటి ప్రపంచం పట్టకపోవడం కాదు, చాలామందికి అది మోయలేనంతగా పడుతుందని తరువాతి భాగాల్లో తేటపడుతుంది.

2. వస్తానని వెళ్లిపోవడం

తెలుగు ఇంటికి వచ్చిన చుట్టం తిరుగు ప్రయాణంలో గడప దాటుతూ ‘పోతున్న’ అనడు, ‘వస్త’ అంటాడు. పోతున్నాననడం అశుభమని పెద్దలు నేర్పారు. వినేవారెవరూ ఆ మాటను మాటగా వినరు. మనిషి చెప్పులు వేసుకోవడం, సంచి భుజాన తగిలించుకోవడం చూసి అర్థం చేసుకుంటారు. మాటనే నమ్ముకొని వినే పిల్లవాడికి మాత్రం ఇది వింత. వస్తానన్న మేనమామ బస్సెక్కి పరకాల వైపు వెళ్లిపోతాడు. పిల్లవాడు వాకిట్లో నిలబడి సాయంత్రం దాకా ఎదురుచూస్తే, వాడికి భాష రాదని ఇంటివారు అనుకుంటారు. నిజానికి ఆ ఇంట్లో భాషను ఉన్నదున్నట్లు పట్టుకున్నది వాడొక్కడే.

ఇటువంటివి తెలుగులో అడుగడుగునా ఉన్నాయి. డబ్బాలో బియ్యం గింజ లేనప్పుడు బియ్యం నిండుకున్నవి అంటారు. ఖాళీకి నిండు అన్న మాట. దీపం ఆరిపోతే కొండెక్కింది అంటారు. తండ్రి తన చిన్న బిడ్డను ‘అమ్మా’ అని పిలుస్తాడు, నాయనమ్మ మనుమడిని ‘అయ్యా’ అనో ‘బాపూ’ అనో ముద్దు చేస్తుంది. అమ్మ ఎవరో, బాపు ఎవరో అప్పుడప్పుడే నేర్చుకుంటున్న బిడ్డకు ఆ పిలుపుల మీద పట్టు చిక్కదు. ‘చాయ్ గీయ్ తాగుతవా’ అని అడిగినప్పుడు చాయ్ ఏదో తెలుసు, గీయ్ ఏది? పుస్తకం గిస్తకం, నీళ్లు గీళ్లు అంటూ గకారంతో మాటను రెట్టించి ‘ఇంకా అలాంటివి’ అన్న అర్థాన్ని తెచ్చే ఈ పద్ధతి తెలుగులో మామూలే. అయితే అందులోని రెండో పదానికి లోకంలో వస్తువు లేదు. మాటకో వస్తువును వెతికే మనసు అక్కడ ఆగిపోతుంది.

ఇవి మాటల లోపాలు కావు, భాషకు అందమిచ్చే సంగతులు. వాటిని అర్థం చేసుకోవడానికి మాట కాక మరేదో కావాలి: ఎదుటివాడి ముఖం, సందర్భం, ఆచారం, మాట వెనుక ఉద్దేశం. భాషాశాస్త్రంలో దీనిని వ్యవహారార్థం అనవచ్చు, అంటే పదాల అర్థం మీద సందర్భం కట్టే అర్థం. న్యూరోటిపికల్ సంభాషణలో బరువంతా ఆ పై పొర మీదే ఉంటుంది. ఆటిజం గల పెద్దలు రాసుకున్న అనుభవాలలో మళ్లీమళ్లీ కనిపించే ఫిర్యాదు ఇదే: ఎదుటివారు అనుకున్నది అనరు, అన్నది అనుకోరు, పైగా తాము అడిగిన సూటి ప్రశ్నను అమర్యాదగా తీసుకుంటారు.

ఇక తిరుగు దిశ: ఆటిజం గల పిల్లల మాట ఇతరులకు అర్థం కాని తీరు. కానర్ వర్ణించిన పదకొండు మందిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్, మిసిసిపీ రాష్ట్రవాసి. 1933లో పుట్టి నిండు జీవితం గడిపి 2023లో మరణించాడు. అతని తండ్రి ‘అవును’ అనే మాట నేర్పడానికి, ఆ మాట అంటే భుజాల మీద ఎక్కించుకుంటానని చెప్పాడు. ఆ తర్వాత చాలాకాలం ఆ పిల్లవాడికి ‘అవును’ అంటే ‘భుజాల మీద ఎక్కించుకో’ అనే అర్థం. ఇది తప్పుగా నేర్చుకోవడం కాదు. ఏ సందర్భంలో మాట దొరికిందో ఆ సందర్భంతో సహా దాచుకోవడం. రేగొండలో అవ్వ ‘బువ్వ తింటవా బిడ్డా?’ అని రోజూ అడిగితే, ఆకలైన మనుమడు అవే మాటలు, అదే రాగంతో, ‘బువ్వ తింటవా బిడ్డా?’ అని అవ్వనే అడగవచ్చు. దీనిని ప్రతిధ్వని భాషణం అంటారు, విన్న వాక్యాన్ని మార్చకుండా తిరిగి పలకడం. తెలుగులో ‘నేను, నీవు’ అనకుండానే క్రియ చివర పురుష తెలుస్తుంది గనుక, ఇంగ్లీషులో సర్వనామాల తారుమారుగా కనిపించేది ఇక్కడ ‘తింట’ అనవలసినచోట ‘తింటవా’గా బయటపడుతుంది. చాలాకాలం వైద్యులు దీన్ని అర్థం లేని వాగుడుగా కొట్టిపారేశారు. బారీ ప్రిజాంట్, జుడిత్ డ్యూకన్ 1981లో ప్రచురించిన అధ్యయనంలో విన్న వెంటనే తిరిగి పలికే ప్రతిధ్వనులు అడగడానికి, ఒప్పుకోవడానికి, వంతు తీసుకోవడానికి, తనను తాను కుదుటపరచుకోవడానికి పనికివస్తున్నాయని చూపారు. అవ్వలకు ఈ విషయం ఎవరూ చెప్పనక్కర్లేదు. మనుమడు ఆ వాక్యం అనగానే ఆమె లేచి పళ్లెం పెడుతుంది.

3. చెవి

మాటలోని అర్థం ఒకటి, నాదం మరొకటి. ఆటిజం గల పిల్లల్లో పలువురు మాటలోని స్వరస్థాయిని, అంటే గొంతు ఎక్కడ పైకి లేచింది, ఎక్కడ దిగింది అన్నదాన్ని, తోటివారికంటే నిశితంగా పట్టగలరని 2008లో లండన్ పరిశోధకులు ప్రయోగాలతో చూపారు. ఇతర పిల్లలు అర్థాన్ని పట్టుకొని నాదాన్ని వదిలేసేచోట వీరు నాదాన్ని కూడా నిలుపుకుంటారు. మాండలికం ప్రధానంగా బతికేది నాదంలోనే కనుక ఈ సంగతికి ఇక్కడ ప్రాముఖ్యం ఉన్నది. వరంగల్లు మాటకూ గుంటూరు మాటకూ తేడా కొన్ని పదాల్లో కంటే వాక్యం చివరి సాగదీతలో, విరుపులో ఎక్కువ. పెద్దలకు తెలియకుండానే చెవిని దాటిపోయే ఆ రాగం ఆ పిల్లవాడికి వాక్యమంత ముఖ్యమైన సమాచారం కావచ్చు. ఒకే మాటను ఇద్దరు రెండు రాగాల్లో పలికితే అది వాడికి రెండు వేర్వేరు మాటలుగా తోచడంలో ఆశ్చర్యం లేదు.

నిశితమైన చెవికి ఒక శిక్ష కూడా ఉంది. చుట్టూ చప్పుడున్నప్పుడు అందులోంచి ఒక్క గొంతును వేరుచేసి వినడం ఆటిజం గలవారిలో చాలామందికి కష్టమని పరిశోధనలు చెబుతున్నాయి. హోలీ ముందువెనుకల కొడవటంచ లక్ష్మీనరసింహస్వామి జాతరకు పిల్లలను తీసుకువెళ్లినవారు ఒకసారి ఆ దృశ్యాన్ని తలచుకోవాలి. డప్పులు, మైకులో తప్పిపోయినవారి పేర్లు, పీకలు ఊదే పిల్లలు, ఎడ్లబండ్లు, రంగుల రాట్నం మోటారు. అంతటి హోరులో తల్లి వంగి చెవి దగ్గర ‘చేయి ఇడువకు’ అంటుంది. మిగతా పిల్లలకు ఆ రెండు మాటలు అన్ని చప్పుళ్లనూ తోసుకొని చేరతాయి. వీడికి డప్పు, మైకు, మోటారు, తల్లి మాట అన్నీ ఒకే ఎత్తులో వచ్చి పడతాయి. వాడు చెవులు మూసుకోవడానికి రెండు చేతులూ కావాలి. అందుకే చేయి వదులుతాడు. చూసేవారికి అది మొండితనం.

4. ఇంటి యాస, తెర యాస

భద్రిరాజు కృష్ణమూర్తి నడిపిన మాండలిక వృత్తిపదకోశాల పనిలో తొలి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వెలువడింది. ఊరూరా తిరిగి నాగలిలో ఏ భాగాన్ని రైతులు ఏమని పిలుస్తారో సేకరించిన ఆ కృషి, తెలుగును స్థూలంగా నాలుగు మాండలిక మండలాలుగా చూడడానికి ఆధారమైంది. అందులో ఉత్తర మండలం తెలంగాణ. ‘వచ్చాడు’ అన్నది ‘వచ్చిండు’, ‘అచ్చిండు’ అయ్యేచోటు ఇది. దాహం దూప, మజ్జిగ సల్ల, వెతకడం దేవులాడడం అయ్యేచోటు. పుస్తకంలోను, వార్తల్లోను, డబ్బింగు కార్టూన్లలోను వినిపించే తెలుగు మాత్రం ప్రధానంగా కృష్ణా, గోదావరి ప్రాంతాల చదువుకున్నవారి వ్యవహారం మీద నిలిచింది. కనుక రేగొండ బిడ్డకు పుట్టుకతోనే రెండు తెలుగులు. ఒకటి ఒడిలో దొరుకుతుంది, మరొకటి తెర మీద. భూపాలపల్లి గనుల కాలనీల్లో పెరిగే పిల్లలకైతే రాష్ట్రం నలుమూలల యాసలు ఒకే వీధిలో వినిపిస్తాయి.

ఆటిజం గల బిడ్డ ఈ రెండింటిలో దేనిని ఎంచుకుంటాడు? ఈ ప్రశ్నకు దూరదేశాల నుంచి ఒక సమాధానం అందుతుంది. ట్యునీషియాలో ఇంట్లో అందరూ మాట్లాడేది స్థానిక అరబ్బీ. ప్రామాణిక అరబ్బీ గ్రంథాలకు, వార్తలకు, పిల్లల కార్టూన్లకు పరిమితం, ఎవరికీ అది మాతృభాష కాదు. అయితే అక్కడ ఆటిజం గల కొందరు పిల్లలు ఇంటి అరబ్బీకి బదులు ఆ గ్రాంథికపు అరబ్బీలోనే ధారాళంగా మాట్లాడుతున్నారని మిఖాయిల్ కిస్సిన్, ఆయన సహచరులు 2019లో ప్రచురించారు. అది వారికి ఎవరూ నేర్పలేదు. టెలివిజన్ నుంచి వచ్చింది. ఉత్తర నార్వేలోనూ ఆటిజం గల పిల్లల్లో కొందరు తమ ఊరి మాండలికాన్ని వదిలి టెలివిజన్‌లో వినిపించే రాజధాని ప్రాంతపు పలుకుబడి వైపు మొగ్గుతారన్నది తల్లిదండ్రులు, చికిత్సకులు గమనించి పరిశోధకుల దృష్టికి తెచ్చిన విషయం.

దీనికి కారణాన్ని నిదానంగా ఆలోచించాలి. సాధారణంగా బిడ్డ భాష నేర్చుకునేది తల్లి చూపు ఎటు పోతుందో అటు చూసి, ఆమె చేతిలో ఏమున్నదో గమనించి, నవ్వుకు నవ్వు ఇచ్చి. మాండలికం సంపూర్ణంగా ఆ ముఖాముఖి ఇచ్చిపుచ్చుకోళ్లలోనే దొరుకుతుంది, మరెక్కడా దొరకదు. ఆ ఇచ్చిపుచ్చుకోవడం బరువైన బిడ్డకు తెర మరో దారి చూపుతుంది. తెర మీది మనిషి ప్రశ్న అడగడు, కళ్లలోకి చూడమనడు, నిన్న ఒక రాగంలో అన్న మాటను నేడు మరో రాగంలో అనడు. అదే కార్టూను యాభైసార్లు వేస్తే యాభైసార్లూ అక్షరం పొల్లుపోకుండా అదే పలుకుతుంది. ఇంట్లో అవ్వ ‘దూప’ అంటుంది, అమ్మ ‘నీళ్లు’ అంటుంది, బడి నుంచి వచ్చిన అక్క ‘దాహం’ అంటుంది. స్థిరత్వాన్ని వెతికే మనసుకు ఏది ఆధారమవుతుందో చెప్పడం కష్టం కాదు.

ఆటిజం గల పిల్లలందరూ ఇలాగే మాట్లాడతారని దీని అర్థం కాదు. ఊరి యాసలోనే అచ్చంగా పలికేవారున్నారు, రెండింటి మధ్య సునాయాసంగా తిరిగేవారున్నారు, ఎదురుగా ఉన్న మనిషి యాస తమకు తెలియకుండానే తమ నోట పలకడం చూసి తామే కంగారుపడేవారున్నారు, నోట మాటే రానివారూ ఉన్నారు. అయితే ‘అమ్మా, నాకు దాహంగా ఉంది, మంచినీళ్లు ఇవ్వండి’ అని రేగొండ పిల్లవాడు కార్టూను గొంతుతో అడిగితే ఊళ్లో ఏమవుతుందో ఊహించవచ్చు. తోటి పిల్లలు నవ్వుతారు. చుట్టాలు ‘పట్నపు మాటలు’ అంటారు. తల్లి మనసులో, కొడుకు తన మాటను కాదని పరాయి మాట పట్టుకున్నాడన్న ముల్లు గుచ్చుకుంటుంది. ఆ తల్లి తెలుసుకోవలసింది ఒక్కటే: అతడు ఆమె మాటను కాదనలేదు. ఆమెకు తన దూప తెలియజెప్పడానికి, తన చేతికి అందిన తెలుగును పట్టుకొని ఆమె దాకా వచ్చాడు.

5. అర్థం కాకపోవడం ఎవరి పొరపాటు

ఆటిజం గలవారికి ఇతరుల మనసు అర్థం కాదన్నది చాలాకాలంగా నిలిచిన సిద్ధాంతం. తానే ఆటిజం గల సామాజిక శాస్త్రవేత్త డేమియన్ మిల్టన్ 2012లో దానికి ఎదురు వాదన పెట్టాడు. అర్థం కాకపోవడం ఇరువైపులా ఉంది. న్యూరోటిపికల్ మనుషులకు ఆటిజం గలవారి మనసు అంతే అర్థం కాదు. కాని ఆ వైఫల్యాన్ని ఒక పక్షం ఖాతాలోనే రాస్తున్నారు అని అతని వాదం. ఎడింబరోలో కేథరిన్ క్రాంప్టన్ బృందం ఒక కథను ఒకరి నుంచి ఒకరికి చెప్పించి చూసింది. అందరూ ఆటిజం గలవారే ఉన్న వరుసలో కథ, అందరూ న్యూరోటిపికల్ మనుషులే ఉన్న వరుసలో వలెనే నిలిచిందని, కలగలిసిన వరుసలో ఎక్కువ జారిపోయిందని 2020లో ప్రకటించారు. 2025లో మరింత ఎక్కువ మందితో జరిపిన ప్రయోగంలో కలగలుపు వరుసలోనూ కథ అంతగా జారలేదని తేలింది. మొదటి ఫలితంలో తమకు నచ్చినంతే చెప్పుకొనేవారు ఈ రెండోదాన్ని కూడా చెప్పాలి. రెండింటిలోనూ తప్పినది మాత్రం, ఆటిజం గలవారు మాటను మోసుకుపోలేరన్న పాత నమ్మకమే.

తెలంగాణ సభకు ఈ వాదం కొత్తగా తోచకూడదు. ‘వచ్చిండు’ అన్న విద్యార్థి వ్యాసంలో ఎర్రసిరా గీత పడిన కాలం, సినిమాల్లో ఈ యాసను హాస్యగాళ్లకు, రౌడీలకు కేటాయించిన కాలం, ఉద్యోగానికి వెళ్లినచోట నోరు విప్పాలంటే వెనకాడిన కాలం ఇక్కడి పెద్దలకు అనుభవమే. అప్పుడు కూడా అర్థం కాలేదని ఫిర్యాదు చేసినవారు ఒక పక్షమే, మార్చుకోవలసి వచ్చినవారు మరో పక్షం. ఆటిజం గల పెద్దలు చాలామంది ఈ మార్చుకోవడాన్ని జీవితమంతా చేస్తారు. కళ్లలోకి చూడడం, నవ్వవలసినచోట నవ్వడం, గొంతులో ఎత్తుపల్లాలు తెచ్చిపెట్టుకోవడం సాధన చేస్తారు. దానిని ముసుగు వేసుకోవడం అంటారు. సాయంత్రానికి ఎంత అలసట వస్తుందో, పగలంతా ఆఫీసులో ‘సరే అండీ, వస్తాను అండీ’ అని ఇంటికి చేరగానే ‘అవ్వా, జర నీళ్లియ్యి’ అని ఊపిరి పీల్చుకున్నవారికి కొంత తెలుస్తుంది. తేడా ఏమంటే వీరికి ముసుగు తీసి మాట్లాడగల ఇల్లు చాలాసార్లు దొరకదు.

6. పరీక్ష గదిలోనూ, ఇంట్లోనూ

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. దాని ధ్రువీకరణకు వాడే భారతీయ ఆటిజం మదింపు కొలమానం సికింద్రాబాదులోని ఒక జాతీయ సంస్థలో తయారై 2009లో వెలువడింది. అందులోని 40 అంశాల్లో ప్రతిధ్వని భాషణం, సర్వనామాల తారుమారు, సందర్భార్థం పట్టలేకపోవడం ఉన్నాయి. కొలమానం అవసరమే, వైకల్య ధ్రువీకరణ పత్రం లేనిదే పింఛను రాదు, రాయితీ రాదు. అయితే పరీక్షించేవారు శిష్ట తెలుగులో ‘నీ పేరేమిటి? భోజనం చేశావా?’ అని అడిగి, ‘బువ్వ తిన్నవా’ అన్న ప్రశ్న మాత్రమే ఎరిగిన బిడ్డ మౌనంగా ఉంటే, ఆ మౌనం ఏ అంశం కింద లెక్కకు వస్తుంది? తిరగేసి చూస్తే, కార్టూను తెలుగులో గడగడా పలికే బిడ్డను చూసి ‘మాటలు బాగానే వస్తున్నాయి’ అని పంపేసే ప్రమాదమూ ఉంది. కాళోజీ పేరున్న పట్టా పొందిన వైద్యులు, ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం నడిచే మండల భవిత కేంద్రాల్లో పనిచేసే ఉపాధ్యాయులు ప్రతి ప్రశ్ననూ రెండు తెలుగుల్లో అడగడం, అవ్వనో తల్లినో పక్కన కూర్చోబెట్టుకొని ఆమె నోట అడిగించడం ఖర్చు లేని పని. మాట రాని పిల్లలకు బొమ్మల కార్డుల కింద ‘దాహం’తో పాటు ‘దూప’ కూడా రాయవచ్చు. పిల్లవాడు ఏ తెలుగులో అడిగితే ఆ తెలుగులో ముందు నీళ్లు ఇవ్వాలి. సరిదిద్దడం తర్వాత, అది అవసరమైతే.

ఇంట్లో చేయగలిగిన పని ఒకటి ఉన్నది. ఊరూరా తిరిగి రైతుల నోటి మాటలను పదకోశంగా కూర్చినట్లే, ఒక్క బిడ్డ నోటి మాటలకు ఒక నోటుబుక్కు పెట్టవచ్చు. ఎడమ పేజీలో బిడ్డ అనే వాక్యం, అది ఎక్కడ విన్నది, దానితో ఏమి చెబుతున్నది. ‘బువ్వ తింటవా బిడ్డా’: అవ్వ మాట, ఆకలి అవుతున్నది. కార్టూనులో ఏనుగు పారిపోయేటప్పటి అరుపు: చప్పుడు ఎక్కువైంది, బయటికి తీసుకుపోవాలి. భవిత కేంద్రానికి, బడికి, ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఆ పుస్తకం వెంట వెళుతుంది. కుడి పేజీ బిడ్డ కోసం, పెద్దల మాటలకు అర్థం కోసం. చదవగలిగితే చదువుకుంటాడు, లేకుంటే ఎవరైనా బొమ్మ గీసి చూపుతారు. బియ్యం నిండుకున్నవి: డబ్బాలో బియ్యం లేవు. దీపం కొండెక్కింది: ఆరిపోయింది, మళ్లీ ముట్టిస్తారు. ‘వస్త’: మామ ఇప్పుడు వెళ్లిపోతున్నాడు, బతుకమ్మ పండుగకు తిరిగి వస్తాడు.